లెస్టర్‌లో టాక్సీ లైసెన్సుకు మా తమ్ముడి పాత కేసు అడ్డమవుతుందా? అక్కడి కౌన్సిల్ మనిషి యోగ్యతను ఎలా తేలుస్తుంది?

ఎర్రముక్కపల్లి టీచరు (కడప) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా తమ్ముడు పదేళ్ల పాటు కడపలో ఒక ట్రావెల్స్‌లో కారు నడిపాడు. తిరుపతి, బెంగళూరు, చెన్నై దారుల్లో వాడికి తెలియని మలుపు లేదు. మూడేళ్ల కిందట మా మరదలికి ఇంగ్లండులోని లెస్టర్‌లో నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు, ఆమె వీసా మీద భర్తగా వాడూ వెళ్లాడు. మన లైసెన్సు అక్కడ పన్నెండు నెలలే చెల్లుతుంది కనుక థియరీ పరీక్ష, రోడ్డు పరీక్ష మొదటి నుంచీ మళ్లీ రాసి ఆ దేశపు లైసెన్సు తెచ్చుకున్నాడు. దానికి కూడా ఏడాది నిండింది. ఇప్పుడు ప్రైవేటు హైర్ లైసెన్సుకు, అంటే ముందుగా బుక్ చేసుకున్న ప్రయాణికులను ఎక్కించుకునే టాక్సీ నడపడానికి, దరఖాస్తు చేయాలనుకుంటున్నాడు.

నాకు అర్థం కానిది ఏమిటంటే, ఆ లైసెన్సు ఇచ్చేది మన ఆర్టీవో ఆఫీసు వంటిది కాదట, ఊరి కౌన్సిలట. చెత్త తీయించే, వీధి దీపాలు చూసుకునే కౌన్సిల్, ఒక మనిషి టాక్సీ నడపడానికి తగినవాడా కాదా అన్నది ఏ కొలమానంతో నిర్ణయిస్తుంది? డ్రైవింగు వచ్చని ప్రభుత్వమే ఒకసారి పరీక్ష పెట్టి ఒప్పుకున్న తర్వాత, ఇంకా తేల్చవలసింది ఏముంటుంది?

ఇంతగా అడగడానికి కారణం ఉంది. 2013లో, వాడికి ఇరవై రెండేళ్లున్నప్పుడు, బస్టాండు దగ్గర బండి నిలిపే చోటు కోసం ఇంకొక డ్రైవరుతో గొడవపడి చేయి చేసుకున్నాడు. పోలీసులు 341, 323, 506 సెక్షన్ల కింద, అంటే అడ్డగించడం, కొట్టడం, బెదిరించడం అని, కేసు కట్టారు. ఏడాదిన్నర వాయిదాలకు తిరిగాక లోక్ అదాలత్‌లో ఇద్దరూ రాజీపడ్డారు. జైలు లేదు, జరిమానా లేదు, ఆ తర్వాత ఇంకే కేసూ లేదు. ఇప్పుడు దరఖాస్తులు నింపిపెట్టే ఒక మధ్యవర్తి, ఇండియాలో జరిగిన సంగతి వాళ్లకు తెలియదు కాబట్టి ఫారంలో ఆ మాటే ఎత్తవద్దని సలహా ఇచ్చాడు. తోటి డ్రైవరు ఇంకొకరు, లెస్టర్‌తో పని లేదు, వుల్వర్‌హాంప్టన్ అనే వేరే ఊరి కౌన్సిల్‌లో తొందరగా ఇస్తారు, అక్కడ పెట్టుకో అన్నాడు. దాచమనడం నా మనసుకు ఎంతమాత్రం ఒప్పడం లేదు. నిజం రాస్తే వాడి బతుకుతెరువు మొదలు కాకముందే మూసుకుపోతుందేమోనని మా అమ్మకు నిద్ర పట్టడం లేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

చిత్రావతి (అనంతపురం, ప్రస్తుతం బర్మింగ్‌హామ్ దగ్గర):

అక్కా, నమస్కారం. నాది అనంతపురం. ఈ ప్రాంతంలో తొమ్మిదేళ్లుగా ప్రైవేటు హైర్ కారు నడుపుతున్నాను. మీ తమ్ముడు నిలబడబోయే చోట నేనూ నిలబడ్డాను కనుక, చట్టంలో ఉన్నదీ నా అనుభవంలో చూసినదీ రెండూ చెబుతాను.

లండన్, ప్లిమత్ నగరాలకు వేరే చట్టాలు ఉన్నాయి. ఆ రెండింటినీ వదిలేస్తే ఇంగ్లండు, వేల్స్‌లోని కౌన్సిళ్లన్నీ 1976 నాటి స్థానిక ప్రభుత్వ చట్టాన్ని బట్టి నడుస్తాయి. అందులోని 51వ సెక్షన్ ప్రైవేటు హైర్ డ్రైవర్లకు, 59వ సెక్షన్ వీధిలో చెయ్యెత్తితే ఆగే హాక్నీ టాక్సీల డ్రైవర్లకు వర్తిస్తుంది. దరఖాస్తుదారుడు ‘ఫిట్ అండ్ ప్రాపర్’ మనిషి, అంటే పనికి తగినవాడూ నడవడి సరైనవాడూ అని తనకు నమ్మకం కుదిరితే తప్ప కౌన్సిల్ లైసెన్సు ఇవ్వకూడదని రెండూ చెబుతాయి. తగినవాడు అంటే ఎవరో చట్టం ఎక్కడా నిర్వచించలేదు. 1998లో రష్‌క్లిఫ్ కౌన్సిల్ కేసులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి లార్డ్ బింగ్‌హామ్ ఇచ్చిన వివరణనే ఇప్పటికీ అందరూ ఆధారంగా తీసుకుంటారు. అనుభవమున్న, మంచి రికార్డున్న డ్రైవరై ఉండాలి, మద్యం మత్తుకు దూరంగా, శరీరమూ మనసూ ఆరోగ్యంగా, నిజాయితీగా ఉండాలి, తన ఉద్యోగాన్ని అడ్డం పెట్టుకొని ప్రయాణికులను బాధించే మనిషి కాకూడదు అన్నది ఆ వివరణ సారం. మీరే చూడండి, ఇందులో స్టీరింగు గురించి ఉన్నది ఒక్క ముక్క, మిగిలినదంతా మనిషి గురించే. ప్రభుత్వం పరీక్ష పెట్టి ఒప్పుకున్న తర్వాత తేల్చవలసింది ఏముందన్న మీ ప్రశ్నకు జవాబు అక్కడుంది.

2020 జూలైలో రవాణా శాఖ అన్ని కౌన్సిళ్లకూ ప్రమాణాలు జారీ చేస్తూ, నిర్ణయం తీసుకునేవారు తమను తాము వేసుకోవలసిన ప్రశ్నను రాసిపెట్టింది. తెలుగులో దాని భావం ఇది: మీ ముందున్న సమాచారాన్ని బట్టి, ఏ దురభిప్రాయమూ లేకుండా ఆలోచిస్తే, మీకు కావలసిన మనిషిని, ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నా సరే, పగలు గానీ రాత్రి గానీ, ఈ వ్యక్తి నడిపే బండిలో ఒంటరిగా పంపుతారా? పంపుతానని గట్టిగా చెప్పలేకపోతే లైసెన్సు లేదు. సందేహం చెరిసగంగా ఉన్నా లేనట్టే. క్రిమినల్ కోర్టులో అనుమానపు లాభం ముద్దాయికి దక్కుతుంది, ఇక్కడ దరఖాస్తుదారుడికి దక్కదు. ‘ఏ స్థితిలో ఉన్నా’ అన్న మాటను తేలికగా తీసుకోకండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలను బడికి చేర్చడానికి కౌన్సిళ్లు టాక్సీలనే పెడతాయి. మాట రాని బిడ్డను నేను రెండేళ్లు బడికి తీసుకెళ్లి తీసుకొచ్చాను. బండిలో ఏం జరిగినా ఆ బిడ్డ ఇంట్లో చెప్పలేడు. ఆ తల్లి రోజూ తలుపు దగ్గర నిలబడి నన్ను నమ్మి పంపేది.

ఇంత గట్టితనం ఊరికే రాలేదు. రాథరమ్ పట్టణంలో 1997 నుంచి 2013 వరకు దాదాపు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014 ఆగస్టులో అలెక్సిస్ జే నివేదిక అంచనా వేసింది. అందులో టాక్సీ డ్రైవర్ల పాత్ర పదేపదే బయటపడింది. తగినవారికే టాక్సీ లైసెన్సులు అందేలా ఆ కౌన్సిల్ జాగ్రత్త తీసుకోలేదని 2015 ఫిబ్రవరిలో, ప్రభుత్వం నియమించిన లూయీజ్ కేసీ తన తనిఖీలో తేల్చారు. ప్రభుత్వం కౌన్సిల్ పాలననే కమిషనర్ల చేతిలో పెట్టింది. ఆనాటి నుంచి కౌన్సిల్ సభ్యులు ఈ పనిని చూసే తీరే మారిపోయింది.

ఇక పద్ధతి. డీబీఎస్ అనే నేర చరిత్ర తనిఖీ అన్నిటికంటే పైస్థాయిలో చేస్తారు, పిల్లల దగ్గర, నిస్సహాయుల దగ్గర పని చేయకుండా నిషేధించిన వారి జాబితాలూ చూస్తారు, లైసెన్సు వచ్చాక కూడా ప్రతి ఆరు నెలలకూ మళ్లీ చూడాలి. లారీ, బస్సు డ్రైవర్లకు పెట్టే ఆరోగ్య ప్రమాణమే చాలా కౌన్సిళ్లు టాక్సీకీ పెడతాయి. ఇంగ్లీషు, దారులు, నిబంధనలు, నిస్సహాయ ప్రయాణికుల రక్షణ వీటి మీద పరీక్షలు, శిక్షణలు ఉంటాయి. కాగితాలన్నీ సవ్యంగా ఉంటే అధికారి స్థాయిలోనే పని అయిపోతుంది. పాత కేసో ఫిర్యాదో ఉంటే అది లైసెన్సింగు ఉపసంఘం ముందుకు పోవచ్చు.

నేను ఆ ఉపసంఘం ముందు కూర్చున్నాను. కెమెరాలో పడిన వేగానికి నా లైసెన్సు మీద పాయింట్లు పడ్డాయి. ట్రాఫిక్ నేరం ఏదైనా నలభై ఎనిమిది గంటల్లో కౌన్సిల్‌కు తెలపాలన్న నిబంధన ఉన్నా, నేను పదకొండు రోజులు ఆలస్యం చేశాను. బల్లకు అటువైపు ముగ్గురు కౌన్సిలర్లు, పక్కన న్యాయ సలహాదారు. ఎంత వేగంతో వెళ్లానన్నది ఒక్కసారి అడిగి వదిలేశారు. ఎందుకు చెప్పలేదు అన్నదాన్ని మాత్రం నాలుగు రకాలుగా అడిగారు. భయపడి చెప్పలేదని ఒప్పుకున్నాను. లిఖితపూర్వక హెచ్చరికతో బయటపడ్డాను. అందుకే ఆ మధ్యవర్తి మాట వినవద్దని మీ తమ్ముడికి మరీ మరీ చెప్పండి. తప్పు చేసినవాడి మీద కంటే దాచినవాడి మీదే వాళ్లకు నమ్మకం ముందు పోతుంది.

హంద్రీ ఒడ్డు (న్యాయవాది, కర్నూలు):

టీచరు గారికి నమస్కారం. చిత్రావతి గారు అక్కడి విషయం బాగా చెప్పారు. మన వైపు నుంచి చెప్పవలసింది నేను చెబుతాను.

మీరు రాసిన సెక్షన్లను బట్టి చూస్తే, 506లో మొదటి భాగమే, అంటే మామూలు బెదిరింపే అయితే, ఆ మూడూ రాజీకి వీలున్న నేరాలే. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 320వ సెక్షన్ ఎనిమిదో ఉపసెక్షన్ ప్రకారం రాజీ కుదిరితే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. కాబట్టి మీ తమ్ముడికి శిక్ష పడలేదు అన్నది నోటి మాట కాదు, చట్టం చెప్పే ఫలితం. 2020 నాటి బ్రిటిష్ ప్రమాణాల్లో, హింసకు శిక్ష పడితే శిక్షాకాలం ముగిశాక కనీసం పదేళ్లు, మోసానికి ఏడేళ్లు, తాగి నడిపినందుకు ఏడేళ్లు, నడుపుతూ ఫోను వాడినందుకు అయిదేళ్లు గడిస్తే గానీ లైసెన్సు ఇవ్వరాదని ఉంది. ఈ గడువులు శిక్ష పడినవారికి. మీ తమ్ముడికి నేరుగా వర్తించవు.

అంతటితో ధీమా పడకూడదు. శిక్ష లేకపోయినా అరెస్టునూ ఆరోపణనూ వాటి వెనుక నడవడినీ కౌన్సిల్ పరిగణించవచ్చు. ఇతర ఉద్యోగాల్లో, కొంతకాలం గడిచిన పాత శిక్షలను చెప్పనక్కర లేకుండా చేసే 1974 నాటి చట్టం అక్కడ ఉంది, అయితే టాక్సీ డ్రైవర్లకు 2002 నుంచి ఆ వెసులుబాటు లేదు. అందుచేత ఫారంలో ప్రశ్నను అక్షరం అక్షరం చదవాలి. శిక్షల గురించే అడిగిందా, అరెస్టులు, కేసులు కూడా అడిగిందా అన్నది చూసి, అడిగినదానికి పూర్తిగా జవాబు రాయాలి.

ఇండియా సంగతి వాళ్లకు తెలియదన్న మాట పొరపాటు. పద్దెనిమిదేళ్లు నిండాక మూడు నెలలు, అంతకు మించి విదేశంలో ఉన్న దరఖాస్తుదారుడి నుంచి ఆ దేశపు నేర చరిత్ర పత్రాన్నో సత్ప్రవర్తన పత్రాన్నో తీసుకోవాలని ఆ ప్రమాణాలే చెబుతున్నాయి. మన దగ్గర అది పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. మీ తమ్ముడు అక్కడి భారత హైకమిషన్ ద్వారా దానికి దరఖాస్తు చేయాలి, విచారణ మీ కడప చిరునామాకు సంబంధించిన స్టేషనుకు రావచ్చు. స్టేషను రికార్డుల్లో కేసు నమోదు అలాగే ఉండి, ముగింపు ఎక్కకపోవడం నేను తరచుగా చూసే సంగతి. కనుక ముందుగా కోర్టు నుంచి లోక్ అదాలత్ అవార్డు (రాజీని నమోదు చేసిన తీర్పు) సర్టిఫైడ్ కాపీ తీసుకొని, స్టేషనులో ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. కాగితాలు తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం కూడా ధ్రువీకరించి పెట్టుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం చిత్రావతి గారితో పూర్తిగా ఏకీభవించలేను. అనుమానం చెరిసగమైనా లైసెన్సు లేదనడం, బతుకుతెరువును ఉపసంఘంలోని ముగ్గురి అభిప్రాయానికి వదిలేయడమే. వేరే దేశం నుంచి వచ్చి, తన గురించి చెప్పేవారు లేని మనిషి మీద ఆ భారం రెట్టింపు పడుతుంది. 2002లో లీడ్స్ కేసులో, లైసెన్సు పోతే కుటుంబం ఏమవుతుందన్నది, చాలా అరుదైన సందర్భాల్లో తప్ప, చూడనక్కరలేదని అక్కడి హైకోర్టు తేల్చింది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు బాధ కలిగింది. అయితే తిరస్కరిస్తే ఇరవై ఒక్క రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టుకు, అక్కడా కుదరకపోతే క్రౌన్ కోర్టుకు అప్పీలు ఉంది. ఆ గడువు మాత్రం గుర్తుపెట్టుకోండి.

చిత్రావతి:

లాయరు గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది, ఆ బల్ల ముందు కూర్చున్న రోజు నాదీ అదే బాధ. ఇప్పుడు నా కూతురికి పదిహేనేళ్లు. ట్యూషను అయ్యాక చీకటి పడితే, నేను వేరే ఊళ్లో ట్రిప్పులో ఉంటే, అది టాక్సీలోనే ఇంటికి వస్తుంది. ఆ బండి నడిపేవాడి మీద చెరిసగం అనుమానం ఉన్నా లైసెన్సు ఇచ్చారని తెలిస్తే తండ్రిగా నేను ఒప్పుకోను. నా బతుకుతెరువూ నా కూతురూ ఒకే తక్కెడలో ఉన్నప్పుడు ఎటు మొగ్గాలో నాకు సందేహం లేదు.

వుల్వర్‌హాంప్టన్ విషయం చెప్పడం మరిచాను. అది చట్టవిరుద్ధం కాదు. డ్రైవరు, కారు, ఆపరేటరు (బుకింగులు తీసుకునే సంస్థ) మూడింటి లైసెన్సులూ ఒకే కౌన్సిల్‌వి అయితే, బుకింగును వేరే ఊళ్లో కూడా నడపవచ్చు. 2015 నాటి చట్టం ఆపరేటర్లు ఒక కౌన్సిల్ పరిధి నుంచి ఇంకొక పరిధికి పని అప్పగించుకోవడానికి వీలు కల్పించాక, చాలా దూరపు ఊళ్లలో తిరిగే డ్రైవర్లు కూడా అక్కడే లైసెన్సు తీసుకుంటున్నారు. ఈ తీరును ఆపాలని లూయీజ్ కేసీ 2025 జూన్‌లో ఇచ్చిన జాతీయ నివేదికలో సిఫారసు చేశారు. ఒకచోట తిరస్కరిస్తే ఇంకొకచోట దాచి పెట్టుకోవచ్చు అనుకుంటే మాత్రం అది జరగదు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం ఇంగ్లండులోని కౌన్సిళ్లు తిరస్కరణలను, రద్దులను, వాటికి భద్రతా కారణాలు ఉంటే, ఎన్ఆర్3ఎస్ అనే ఉమ్మడి రిజిస్టరులో ఎక్కించాలి, కొత్త దరఖాస్తు వచ్చినప్పుడు దాన్ని చూడాలి. మీ తమ్ముడు నడపబోయేది లెస్టర్‌లో అయితే, లెస్టర్‌లోనే అడగడం మేలు.

విశ్రాంత బ్రేక్ ఇన్‌స్పెక్టరు (కర్నూలు):

అమ్మా టీచరు గారూ, మోటారు వాహన ఇన్‌స్పెక్టరుగా మన సీమ జిల్లాల్లో చాలా కాలం పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. మీ ప్రశ్న చదివాక, మన వైపు ఈ పని ఎలా జరుగుతుందో రాయాలనిపించింది. దానికీ దీనికీ తేడా తెలిస్తే, మీ తమ్ముడు అక్కడివారు అడిగేదాన్ని అవమానంగా తీసుకోడు.

మన 1988 మోటారు వాహనాల చట్టంలో రవాణా వాహనం నడపడానికి ఇరవై ఏళ్ల వయసు, వైద్యుడి ధ్రువపత్రం కావాలి, అయిదేళ్లకొకసారి రెన్యువల్ ఉంటుంది. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. 7,500 కిలోలకు మించని బండికి మామూలు కారు లైసెన్సే చాలునని సుప్రీంకోర్టు 2017లో చెప్పి, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనంతో ఖాయం చేసింది. పేదవాడికి ఉపాధి దొరకడానికి ఈ మార్పులన్నీ మంచివే, నేను వ్యతిరేకిని కాను. కానీ వీటిలో ఏ మెట్టు దగ్గరా ఈ మనిషి ఎలాంటివాడు అన్న ప్రశ్న ఎదురు కాదు. నా ముందు ట్రాకు మీదికి వచ్చిన కుర్రవాడు రివర్సు సరిగా తీశాడా, సిగ్నలు ఇచ్చాడా అన్నది చూసేవాడిని, అంతే. నడవడి ప్రస్తావన చట్టంలో 19వ సెక్షన్‌లో ఉంది. అలవాటుపడిన నేరస్థుడో తాగుబోతో అయితే, బండిని నేరానికి వాడితే, అతడి వాదన విన్నాక లైసెన్సును రద్దు చేయవచ్చు. అంటే లైసెన్సు చేతికిచ్చి, చెడు జరిగాక తీసుకోవడం. అక్కడ ముందే ఆపి, నమ్మకం కుదిరాక ఇస్తున్నారు.

2014 డిసెంబరులో ఢిల్లీలో యాప్ టాక్సీలో జరిగిన అత్యాచారం తర్వాత మన దేశంలోనూ ఈ లోటు అందరికీ కనబడింది. ఆ డ్రైవరు మీద అంతకు ముందే కేసులున్నాయి, అతడు చూపించిన సత్ప్రవర్తన పత్రం నకిలీదని తేలింది. 2020 నవంబరులో కేంద్రం యాప్ సంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చి, పోలీసు విచారణ ఉండాలని, అంతకు ముందు ఏడేళ్లలో తాగి నడిపినందుకు గానీ మోసం, లైంగిక నేరాల వంటి వాటికి గానీ శిక్ష పడి ఉండకూడదని చెప్పింది. మన ఊళ్లలో యాప్ బండి ఎక్కేవారు ఎందరు? అనంతపురం నుంచి దేవనహళ్లి విమానాశ్రయానికి అర్ధరాత్రి బయలుదేరే ఆడపిల్లకు బండి కుదిరేది సప్తగిరి సర్కిల్ దగ్గర ఏదో ఒక ట్రావెల్స్‌కు చేసిన ఫోనుతో. డ్రైవరు ఎవరని అడిగితే మనవాడే, భయం లేదు అన్న యజమాని మాటే పోలీసు విచారణ, అదే కౌన్సిల్ ఉపసంఘం. ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది, ఎందుకంటే యజమానికి డ్రైవరు తండ్రి కూడా తెలుసు. కానీ ఇవాళ ఊళ్లు పెరిగాయి, డ్రైవర్లు వేరే జిల్లాల నుంచి వస్తున్నారు, ఎవరి తండ్రీ ఎవరికీ తెలియదు. పర్మిటు ఇచ్చేటప్పుడు బండికి బ్రేకులు చూసినంత శ్రద్ధగా నడిపేవాడి గురించి అడిగే కట్టుబాటు జిల్లాకొకటి రావాలని సర్వీసులో ఉన్నప్పుడే అనుకునేవాడిని, ఇప్పటికీ అనుకుంటున్నాను.

మీ తమ్ముడి దగ్గర మన బ్యాడ్జి, పాత లైసెన్సు ఉంటే పారేయవద్దని చెప్పండి. పదేళ్లు ప్రమాదం లేకుండా నడిపినట్టు ట్రావెల్స్ యజమాని తన లెటర్‌హెడ్ మీద రాసి ఇస్తే, అది కౌన్సిల్ తప్పక ఒప్పుకోవలసిన పత్రం కాకపోయినా, అడిగినప్పుడు చూపడానికి ఒక ఆధారం అవుతుంది.

ఎర్రముక్కపల్లి టీచరు:

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రాత్రి తమ్ముడికి ఇవన్నీ చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ ప్రశ్న ఇంకొకసారి చదవమన్నాడు, ఒంటరిగా పంపుతారా అన్నది. ఆనాడు గొడవ జరిగినప్పుడు కారులో ఒక పెద్దావిడ కూర్చొని ఉందని, ఆమె భయపడి దిగి వెళ్లిపోయిందని ఇప్పుడు చెప్పాడు. పన్నెండేళ్లలో ఈ మాట మాకెవరికీ చెప్పలేదు. అది కూడా రాయాలా అని అడుగుతున్నాడు. రాస్తే కీడు జరుగుతుందేమోనని నాకు భయంగా ఉంది, వద్దనడానికీ నోరు రావడం లేదు.

చిత్రావతి:

అక్కా, ఫారంలో కేసు గురించి అడిగినంత వరకు క్లుప్తంగా, సెక్షన్లతో, తేదీలతో రాయమనండి. ఉపసంఘం ముందుకు పిలిస్తే ఏం జరిగిందో చెప్పమని తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఆ పెద్దావిడ సంగతి తనంతట తానే చెప్పమనండి, ఇవాళ అదే గొడవ ఎదురైతే ఏం చేస్తాడో కూడా చెప్పమనండి. నన్ను అడిగిన ప్రశ్నల్లో ఆ రోజు కారులో ప్రయాణికులు ఉన్నారా అన్నది ఒకటి. వాళ్లు అడిగాక చెప్పడం వేరు, తానే చెప్పడం వేరు.

హంద్రీ ఒడ్డు:

నాదీ అదే సలహా. సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టేటప్పుడు అవార్డుతో పాటు ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు ప్రతులు కూడా అడగండి. ఛార్జిషీటులో సాక్షుల జాబితా చూడండి, ఆ పెద్దావిడ పేరు అందులో ఉంటే తమ్ముడు చెప్పేదీ కాగితం చెప్పేదీ ఒకటిగా ఉండాలి. కేసు నంబరు తెలియకపోతే, సంవత్సరమూ స్టేషను పేరూ చెప్పినా వెతకవచ్చు. ఈ-కోర్ట్స్ సైటులో ముందుగా ఒకసారి చూసుకొని వెళ్తే మీకు తిరుగుడు తగ్గుతుంది.

ఎర్రముక్కపల్లి టీచరు:

సోమవారం బడికి సెలవు పెట్టి కోర్టుకు వెళ్తున్నాను. కాపీలు చేతికి రాగానే ఛార్జిషీటులో ఏముందో ఇక్కడ రాస్తాను.